ముందు ప్రదక్షిణ, తర్వాత ఆట: రిగ్లీ ఫీల్డ్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్లడం ఎలా

ఏటా మే నెల రాగానే షికాగో చుట్టుపక్కల మన ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. మొదటి వారం అరోరాలోని బాలాజీ గుడి, రెండో వారం డెవాన్ అవెన్యూలో బజారు, మూడో వారం మిషిగన్ సరస్సు ఒడ్డున ఫొటోలు. నాలుగో వారానికి నాన్న సోఫాలో కూర్చుని, కిటికీలోంచి ఎదురింటివారి పచ్చికను చూస్తూ ఉంటారు. ఆ నాలుగో వారం కోసమే ఇది రాస్తున్నాను. ఆయనను రిగ్లీ ఫీల్డ్‌కు తీసుకెళ్లండి. కబ్స్ జట్టు సొంత మైదానం అది. ఆయనకు బేస్‌బాల్ తెలియకపోయినా ఇబ్బంది లేదు, మీకు వీధులు తెలిస్తే చాలు.

ఈ మైదానాన్ని 1914లో ఇళ్ల మధ్య కట్టారు. కబ్స్ 1916లో ఇక్కడికి వచ్చారు, అప్పటి నుంచి ఇక్కడే ఉన్నారు. చుట్టూ ఆడిసన్, క్లార్క్, వేవ్‌ల్యాండ్, షెఫీల్డ్ అని నాలుగు వీధులు. గోడకు అటు ఆట, ఇటు కాపురాలు. మొదటిసారి చూసిన రోజే నాకు గుడి చుట్టూ ఉండే మాడవీధులు గుర్తుకొచ్చాయి. ఇన్నేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి కూడా అక్కడి నుంచి తెచ్చుకున్నదే. ముందు నాలుగు వీధులూ చుట్టాలి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి. నేరుగా గేటులో దూరి సీటులో కూర్చున్నవారు సగం మైదానాన్నే చూసినట్టు.

రోజు కుదుర్చుకోవడం

కబ్స్ ఒక సీజన్‌లో ఆడే 162 ఆటల్లో సగం, అంటే 81, సొంత మైదానానివి. ఏప్రిల్‌లో పెద్దవారిని తీసుకెళ్లవద్దు. దగ్గరలోనే ఉన్న సరస్సు మీదుగా వచ్చే గాలి స్వెట్టర్లను లెక్కచేయదు. పైగా గోడల మీది తీగలు అప్పటికి చిగురించి ఉండవు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఏదో ఒక పనిదినాన, మధ్యాహ్నం 1:20కి మొదలయ్యే ఆటను చూడండి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ వచ్చే రోజుల్లో టికెట్ ధర ఎక్కువ, వీధుల్లో కాలు పెట్టే చోటు తక్కువ. మొదటిసారికి ఆ రోజులు వద్దు.

పగటి ఆటే ఎందుకంటే, ఈ మైదానం వెలుగులో చూడటానికే పుట్టింది. పెద్ద లీగ్ మైదానాలన్నీ దీపాలు పెట్టుకున్న తర్వాత కూడా నలభై ఏళ్లు ఇక్కడ ఎండలోనే ఆడారు. నిజానికి 1941లోనే దీపాల సామగ్రి తెప్పించారు. అంతలో పెర్ల్ హార్బర్ మీద దాడి జరగడంతో యజమాని ఫిలిప్ రిగ్లీ దాన్నంతా యుద్ధ అవసరాలకు ఇచ్చేశారు. చివరికి 1988 ఆగస్టు 8న తొలిసారి దీపాలు వెలిగించి ఆట మొదలుపెడితే, నాలుగో ఇన్నింగ్స్‌లో వాన కురిసి ఆట రద్దయింది! మరునాడు ఆడిన ఆటే లెక్కలోకి వచ్చింది. మెట్స్ జట్టు మీద కబ్స్ 6-4తో గెలిచారు. వరుణదేవుడిది కూడా పగటి ఆట పక్షమే అని నా నమ్మకం.

ముందురోజు రాత్రి గాలి ఎటు నుంచి వీస్తుందో ఫోనులో చూసుకోండి. బ్యాటర్ నిలబడే మూల నైరుతిలో ఉంది, అతని ముఖం ఈశాన్యానికి ఉంటుంది. అందుకని నైరుతి గాలి వీస్తే మన ఊళ్లో వానలు పడినట్టు ఇక్కడ హోమ్ రన్లు, అంటే మన సిక్సర్లలా గోడ దాటే బంతులు, పడతాయి. 1979 మే 17న అలాంటి గాలిలో ఫిలడెల్ఫియా జట్టు 23-22తో కబ్స్‌ను ఓడించింది. సరస్సు వైపు నుంచి గాలి వస్తే అదే బంతి గోడ దగ్గర ఆగి ఫీల్డర్ చేతిలో పడుతుంది. పరుగులు పారాలని కోరుకునే నాన్నల కోసం నైరుతి గాలి రోజు దొరికితే అదృష్టమే.

సీటు

వేసవిలో పెద్దవారికి మూడో బేస్ వైపు (బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ వైపు), పై అంతస్తు కింద నీడ పడే 200 అంకె విభాగాలు మంచివి. అక్కడ పైకప్పును మోసే ఇనుప స్తంభాలు ఉన్నాయి. కొన్న తర్వాత స్తంభం వెనక చోటు వచ్చిందని తెలిస్తే చేసేది లేదు. సినిమా హాల్లో ముందు పొడుగాటి మనిషి కూర్చుంటే కాస్త వంగమని అడగవచ్చు, స్తంభాన్ని అడగలేం. కాబట్టి డబ్బు చెల్లించే ముందే ఆ సీటు నుంచి ఆట ఎలా కనిపిస్తుందో చూపే ఫొటో చూసుకోండి. మరీ వెనక వరుసల్లో పైకి లేచిన బంతి కప్పు చాటుకు పోతుంది. అవి కూడా వద్దు. ఔట్‌ఫీల్డ్ వెనక ఉండే బ్లీచర్స్‌లో సందడి ఎక్కువ, కానీ సీటు నంబర్లు ఉండవు, నీడా ఉండదు. అవి మీరూ మీ స్నేహితులూ వెళ్లే రోజుకు ఉంచుకోండి.

కారు ఇంటి దగ్గరే

ఈ పేటలో ఆట ఉన్న సాయంత్రాలు చాలా వీధులు అక్కడ నివసించేవారి కార్లకే. నేను మొదటి ఏడాది ఒక దుకాణం వెనక ఖాళీ చోటులో కారు పెట్టి వెళితే, తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి టోయింగ్ బండి దాన్ని తీసుకుపోయింది. దాన్ని విడిపించుకోవడానికి పెట్టిన ఖర్చుతో ఇంటిల్లిపాదికీ టికెట్లు వచ్చేవి. కాబట్టి రైల్లో వెళ్లండి. స్కోకీలోని డెంప్‌స్టర్ స్టేషన్‌లో కారు ఉంచి, యెల్లో లైన్‌లో హోవార్డ్ దాకా, అక్కడ రెడ్ లైన్ ఎక్కి ఆడిసన్ దాకా. నేపర్‌విల్ వైపు నుంచి అయితే మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్‌కు వచ్చి, కొంచెం నడిచి జాక్సన్‌లో రెడ్ లైన్ అందుకోవచ్చు. రైల్లో నీలం చొక్కాల గుంపు కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ దిగాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రదక్షిణ

ఆటకు రెండు గంటల ముందు ఆడిసన్ స్టేషన్‌లో దిగి పడమరకు తిరగండి. నాలుగు అడుగులు వేయగానే మైదానం మీ కుడిచేతి వైపు వస్తుంది. అలాగే సాగిపోతే చుట్టూ అయ్యేదాకా కుడిచేతి వైపే ఉంటుంది. మా అమ్మ ఇది గమనించి, "కట్టినవాళ్లకు శాస్త్రం తెలుసురా" అంది. ఆ తర్వాత ఆవిడకు ఈ చోటు గురించి నేను ఇంకేమీ చెప్పి ఒప్పించాల్సిన అవసరం రాలేదు.

ఆడిసన్ వీధిలో చేయాల్సిన పని వేరుశనగకాయలు కొనడం. తొక్కతో వేయించిన కాయలను సంచుల్లో పెట్టి అమ్ముతూ ఉంటారు. లోపలి కన్నా వీధిలో చవక. అనంతపురం వైపు నుంచి వచ్చిన మా మామయ్య ఒక కాయ ఒలిచి, గింజను వేళ్ల మధ్య నలిపి, నోట్లో వేసుకుని, ఇది ఏ నేలలో పండిందో అమ్మేవాడిని అడగమన్నారు. అడిగాను. ఆ మనిషి సంతోషంగా నవ్వి మరో గుప్పెడు కాయలు మామయ్య చేతిలో పోశాడు. ఇద్దరికీ మధ్యలో నా అనువాదం ఇక అక్కర్లేకపోయింది.

క్లార్క్ వీధి మూలకు రాగానే ఎర్రటి పెద్ద బోర్డు. అందరూ ఫొటో తీసుకునేది ఇక్కడే. ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడితే బోర్డు మొత్తం పడుతుంది. ఫొటో తీసిపెట్టమని ఎవరిని అడిగినా తీస్తారు, మూడుసార్లు తీస్తారు, కళ్లు మూసుకున్నారని చెప్పి నాలుగోసారి కూడా తీస్తారు.

అక్కడి నుంచి కొంచెం ముందుకు వెళితే గ్యాలఘర్ వే అనే ఖాళీ జాగా. పచ్చిక మీద పిల్లలు దొర్లుతుంటారు, పక్కన పాత ఆటగాళ్ల విగ్రహాలు. ఎర్నీ బ్యాంక్స్ దగ్గర కాసేపు ఆగండి. 1953లో కబ్స్‌కు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయన. 512 హోమ్ రన్లు కొట్టారు, ఒక్కసారైనా వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివర విజేతను తేల్చే పోటీ, ఆడే అవకాశం రాలేదు. అయినా ఎండ బాగున్న రోజున "ఇవాళ రెండు ఆటలు ఆడుదాం" అనేవారు. ఇలాంటి మనిషి గురించి విన్న తర్వాత ఆట నేర్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే పాఠం ఇక్కడ మొదలుపెట్టండి.

క్రికెట్ తెలిసినవారికి పది నిమిషాలు చాలు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు మూడు ఔట్లు. సరైన చోటుకు వచ్చిన బంతిని వదిలినా, ఊపి తప్పినా స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే ఔట్. బేస్ అంటే పరుగెత్తి చేరుకోవాల్సిన గుర్తు. పక్కకు పోయిన బంతులు నాలుగైతే మొదటి బేస్ ఉచితం. నాలుగు బేసులూ చుట్టి ఇంటికి, అంటే బ్యాటు పట్టి నిలబడిన చోటికే, వస్తే ఒక పరుగు. మామూలుగా మూడు ప్రశ్నలు వస్తాయి. బ్యాటు అక్కడే పారేసి పరుగెత్తుతాడేమిటి అనేది మొదటిది. మా నాన్నకు అది కొన్నాళ్లు నిజంగా బాధ కలిగించింది. సరస్వతీదేవిని నేలకేసి కొట్టినట్టు ఉందన్నారు. వెనక్కి కొడితే పరుగు ఇవ్వరా అనేది రెండోది. ఇవ్వరు, రెండు గీతల మధ్యే కొట్టాలి. సున్నాకే ఔటైనవాడు ఇక ఇంటికేనా అనేది మూడోది. కాదు, తొమ్మిది మందీ వంతులవారీగా మళ్లీ మళ్లీ వస్తారు, ఒక్కొక్కరికీ మూడు నాలుగు అవకాశాలు దక్కుతాయి. ఓపెనర్లు మొదటి ఓవర్లోనే వెనుదిరిగిన ఎన్నో ఉదయాలు చూసిన మా నాన్నకు ఈ నియమం ఎంతో దయగలదిగా తోచింది.

ఇప్పుడు కుడికి తిరిగితే వేవ్‌ల్యాండ్ వీధి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గోడకు ఎదురుగా అగ్నిమాపక కేంద్రం ఉంది. తలుపులు తెరిచి ఉంటే ఎర్ర ఇంజిన్ కనిపిస్తుంది, పిల్లలుంటే అక్కడి నుంచి కదలరు. కెన్‌మోర్ అనే చిన్న వీధి వచ్చి కలిసే చోట బంతి వేటగాళ్లు నిలబడతారు. వీరు లోపలికి రారు. చేతికి గ్లవ్, చెవిలో రేడియో, కళ్లు గోడ పైన ఆకాశం మీద. లోపల బ్యాట్ చప్పుడు వినిపించిన క్షణంలో ఎటు పరుగెత్తాలో వారి కాళ్లకు తెలుస్తుంది. 1976లో మెట్స్ ఆటగాడు డేవ్ కింగ్‌మన్ కొట్టిన బంతి గోడ దాటి, వీధి దాటి, కెన్‌మోర్‌లో ఒక ఇంటికి వెళ్లి తగిలింది. వేటగాళ్లను పని మీద చూడాలంటే మాత్రం సాయంత్రం ఆట రోజున రావాలి. పగటి ఆటకు ముందు బ్యాటింగ్ సాధన చాలాసార్లు ఉండదు. మీరు వచ్చిన రోజు సాధన ఉంటే ఆ మూలలో ఫోను చూస్తూ నిలబడకండి, పెద్దవారిని అవతలి పేవ్‌మెంట్ మీదే ఉంచండి.

ఒక మాట. ఈ వీధుల్లోని మెట్లు, పూలకుండీలు ఎవరి ఇంటివో అవి. ఆ మెట్ల మీద కూర్చుని తినకండి, కాయల తొక్కలు వారి పూలకుండీల్లో వేయకండి. ఏడాదికి 81 రోజులు ఇంటి ముందు జాతరను భరిస్తున్నవారికి మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద అది.

వేవ్‌ల్యాండ్ చివర షెఫీల్డ్ మూలలో వ్యాఖ్యాత హ్యారీ కేరీ విగ్రహం ఉంది. ఆయన గురించి ఏడో ఇన్నింగ్స్‌లో చెబుతాను. తల ఎత్తితే ఎదురు మేడల మీద కూడా బల్లలు వరుసలుగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ ఇళ్లలో ఉన్నవారు మేడ మీద కుర్చీలు వేసుకుని ఊరికే చూసేవారు. నేడు అది టికెట్ పెట్టి నడిపే వ్యాపారం. నాకు పాత పద్ధతే నచ్చుతుంది.

షెఫీల్డ్ వైపు ఇటుక గోడ దగ్గర మాత్రం తొందరపడకండి. కబ్స్ 1908లో వరల్డ్ సిరీస్ గెలిచారు, మళ్లీ గెలవడానికి 108 ఏళ్లు పట్టింది. 2016 నవంబరు 2న క్లీవ్‌ల్యాండ్‌లో సిరీస్‌ను తేల్చే చివరిదైన ఏడో ఆట మొదలైంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సమానం, 17 నిమిషాలు వాన, పదో ఇన్నింగ్స్‌లో 8-7. ఆ రోజుల్లో జనం సుద్దముక్కలు తెచ్చి ఈ గోడల మీద పేర్లు రాశారు. ఎక్కువగా తండ్రుల పేర్లు, తాతల పేర్లు, ఈ గెలుపు చూడకుండానే వెళ్లిపోయినవారి పేర్లు. చేతికి అందే ఎత్తు నిండిపోతే నిచ్చెనలూ భుజాలూ ఎక్కి పైన రాశారు. పొడుగ్గా ఉన్నవారు తెలియనివారి పేర్లు కూడా రాసిపెట్టారు. అక్షరాలు ఇప్పుడు లేవు, గోడ ఉంది. నేను ఇది చెప్పినప్పుడు మా నాన్న ఇటుక మీద చేయి పెట్టి, "ఇది తర్పణమే కదా" అన్నారు. ఇన్నేళ్లుగా నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ ఇంత సరైన మాట దొరకలేదు.

లోపల

చుట్టు పూర్తయింది, లోపలికి వెళ్లండి. సంచీ చిన్నదిగా ఉండాలి. గాజు సీసాలు, మద్యం కుదరవు. విడిగా కట్టుకున్న తిండిని అనుమతిస్తారు కాబట్టి మేము పులిహోర పొట్లాలు కట్టుకుని వెళతాం. పెరుగన్నం ఎండకు తట్టుకోదు. ఇక్కడి హాట్ డాగ్ సాధారణంగా పూర్తిగా గొడ్డుమాంసంతో చేస్తారు. తిననివారికి ముందే చెప్పండి, తర్వాత బాధపడటం కన్నా అది మేలు. తినేవారు దాని మీద ఆవాల సాస్, ఉల్లిపాయ, టమాటా, ఊరగాయ దోస, చిన్న మిరపకాయలు అన్నీ వేయించుకోవచ్చు. టమాటా కెచప్ మాత్రం అడగకూడదు. ఈ ఊరికి అదొక పట్టింపు.

కూర్చోగానే నడిమి వైపు పెద్ద ఆకుపచ్చ స్కోరుబోర్డు చూపించండి. 1937 నాటిది. ఇన్నింగ్స్ అంకెలు ఇప్పటికీ మనుషులే మారుస్తారు. లోపల మూడు అంతస్తులు, నిచ్చెనలు, ఇనుప రేకుల మీద అంకెలు. దేశమంతా ఆ రోజు జరుగుతున్న ఇతర ఆటల స్కోర్లు కూడా దాని మీదే ఉంటాయి. కాసేపు కళ్లు తిప్పకుండా చూస్తే ఒక కిటికీలో సున్నా మాయమై, ఒక చేయి కనిపించి, అక్కడ రెండు వస్తుంది. మా అమ్మ ఆట వదిలేసి మూడు ఇన్నింగ్స్ ఆ చేతి కోసమే చూసింది, కనిపించినప్పుడల్లా నా భుజం తట్టింది. ఆటలో కొట్టిన ఏ బంతీ ఆ బోర్డును ఇంతవరకు తాకలేదు. 1951లో శామ్ స్నీడ్ తాకించాడు, కానీ అది గోల్ఫ్ బంతి.

గోడ మీది ఐవీ తీగ కూడా 1937లో నాటినదే. బంతి ఆ ఆకుల్లో చిక్కుకుపోతే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. అప్పుడు బ్యాటర్‌కు రెండు బేసులు ఇస్తారు. ఆకుల్లో చేయి పెట్టి వెతకడం మొదలుపెట్టాడో, ఆట సాగుతూనే ఉంటుంది, అవతల బ్యాటర్ పరుగెత్తుతూనే ఉంటాడు. ఈ నియమం ముందే తెలిసి ఉంటే ఆ క్షణంలో మీరు కూడా "చేతులెత్తు" అని అరవవచ్చు.

బంతి మీ దగ్గరకు వస్తే ఏం చేయాలో పెద్దవారికి ముందే చెప్పాలి. క్రికెట్ చూసి పెరిగినవారికి చేతికొచ్చిన బంతిని మైదానంలోకి తిరిగి ఇచ్చేయడం అలవాటు. ఇక్కడ ఇవ్వక్కర్లేదు, అది మీదే, ఇంటికి తెచ్చుకోండి. బ్లీచర్స్‌లో మాత్రం ఒక ఆచారం ఉంది. ఎదుటి జట్టు కొట్టిన హోమ్ రన్ బంతిని పట్టినవారు తిరిగి మైదానంలోకి విసిరేయాలి. విసిరేదాకా చుట్టుపక్కల వెయ్యి గొంతులు విసరమని చెబుతూనే ఉంటాయి.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒక పాట పాడతారు. 1982 నుంచి 1997 దాకా హ్యారీ కేరీ వ్యాఖ్యాతల గదిలోంచి బయటికి వంగి, మైకు పట్టుకుని, శ్రుతి గురించి బెంగ లేకుండా పాడించిన పాట ఇది. 1998లో ఆయన పోయిన తర్వాత రోజుకొక అతిథి వచ్చి పాడిస్తున్నారు. పాటలో వేరుశనగకాయలు కొనిపెట్టమనే మాట వస్తుంది. అప్పుడు మీ సంచీని పైకెత్తి చూపించండి. మామయ్యకు మాటలు రాకపోయినా సంచీ ఎత్తారు, ముందు వరుసలో ఉన్న ఒక ముసలావిడ వెనక్కి తిరిగి తన సంచీ ఎత్తి చూపింది.

ఆట అయ్యాక

చివరి ఔట్ పడగానే మెట్ల మీదకు పరుగెత్తకండి. ఆ అరగంట రైలు స్టేషన్ కిక్కిరిసి ఉంటుంది. కూర్చుని స్కోరుబోర్డు పైకి చూడండి. కబ్స్ గెలిస్తే తెల్ల గుడ్డ మీద నీలం డబ్ల్యూ అక్షరం ఉన్న జెండా, ఓడితే నీలం గుడ్డ మీద తెల్ల ఎల్ అక్షరం ఉన్న జెండా పైకి వెళుతుంది. గెలిచిన రోజు జనమంతా కలిసి మరో పాట పాడతారు. అది రెండుసార్లు వింటే వచ్చేస్తుంది, నేర్చుకునే బయటికి రండి.

ఆ జెండా లోపలున్నవారి కోసం కాదు. వారికి ఫలితం తెలుసు. పని నుంచి ఇంటికి వెళుతూ రైల్లో ఆ దారిన పోయేవారికి తెలియాలని ఎగరేస్తారు. కాబట్టి రద్దీ తగ్గాక ఆడిసన్ స్టేషన్ మెట్లెక్కి, ఉత్తరం వైపు పోయే రైల్లో పెద్దవారిని ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. రైలు కదిలిన కొన్ని క్షణాలకే మేడల మధ్య సందులో స్కోరుబోర్డు వెనక భాగం, దాని మీద జెండా కనిపించి పోతాయి. మేము వెళ్లిన రోజు అది తెల్లది. నాన్న ఎదురు సీటులో ఆఫీసు సంచీతో కూర్చున్న అపరిచితుడికి కిటికీలోంచి దాన్ని వేలితో చూపించి, తెలుగులోనే చెప్పారు, "గెలిచారండీ."